ఒంటిచేతి అంగరఖా

ఏప్రిల్ 3

సకల లోకానికీ, సాహిత్యానికీ, ఈ కాగితం కోసం కూలిన చెట్టుకూ, ఆ చెట్టు మీద గూడు కట్టుకున్న పక్షులకూ, వాటి పిల్లలకూ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇకముందు ఈ పేజీల్లో ఒక రిటైరైన పంతులమ్మనూ, ఒక ముసలి దర్జీనీ, నన్ను పెంచి పెద్దచేసిన అక్కనూ నానా మాటలూ అనబోతున్నాను. పెద్దవాళ్లను నిందించడం మహాపాపం. ఆ పాపం నాచేత చేయిస్తున్న పెద్దవాళ్లను దేవుడు క్షమించుగాక. నేనైతే క్షమించను.

విషయానికి వస్తే, మా ‘ముట్టడిలో మహారాజు’కి రెండో సీజన్ ఇచ్చారు. ఎనిమిది ఎపిసోడ్లు. మొదటి సీజన్ మీద పత్రికలో ఒక పెద్దమనిషి రాసింది నాకు కంఠతా వచ్చు: ‘ఈ హాస్య సీరియల్లో కోటను ముట్టడించింది శత్రువులు, ప్రేక్షకులను ముట్టడించింది రచయిత.’ ఆ రచయితను నేనే. మూడువందల ఏళ్ల కిందటి చిన్న కోట, చుట్టూ శత్రుసైన్యం, లోపల ఒక రాజు, ఒక మంత్రి, ఒక సేనాపతి. పంపిన పావురం తిరిగి రాకపోతే రాజు, “దాన్ని చార్జింగ్‌లో పెట్టడం మర్చిపోయారా?” అంటాడు. దాని వెనక అతికించిన నవ్వుల టేపు ఇరవై సెకన్లు మోగింది. టేపుకి అర్థమైంది. జనానికే కాలేదు.

ఏప్రిల్ 5

నిర్మాత పిలిచాడు. ఆయన పక్కన తెల్లజుట్టు, చేతిసంచీ, ఎర్రసిరా పెన్నుతో ఒకావిడ.

“ఇకనుంచి టీచర్‌గారే హెడ్డు. నువ్వు ఆవిడ కింద.”

“కింద అంటే ఎంత కింద సార్?”

“నేల తగిలేదాకా.”

ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో చరిత్ర చెప్పిందట. మొదటి సీజన్లో తప్పులన్నీ రాసి పదకొండు పేజీల ఉత్తరం పంపిందట. బుద్ధున్నవాడెవడైనా ఆ ఉత్తరం చించేస్తాడు. మావాడు ఉద్యోగం ఇచ్చాడు.

“ఏం చదివావు బాబూ?”

“ఎమ్మే అండీ. సాహిత్యం.”

“పర్లేదు. మర్చిపోవచ్చు.”

సాయంత్రానికల్లా ఆఫీసంతా నన్ను ‘ఎమ్మే’ అని పిలవడం మొదలుపెట్టింది. కన్నవాళ్లు ఆలోచించి పెట్టిన పేరు ఒక్క పూటలో గల్లంతైంది. నా స్క్రిప్టు తిరగేసి ఆవిడ అన్న రెండో మాట: “ఎడంచేత్తో రాస్తావా? అందుకే సిరా అంతా పులుముకుపోయింది.” మూడో మాట: “పులుముకున్న చోటే కాస్త బాగుంది.”

ఏప్రిల్ 9

మహారాణి పరిపాలన ప్రారంభం. నవ్వుల టేపు రద్దు. రాజు నోట చార్జింగ్, సిగ్నల్, సెల్ఫీ వగైరా పదాలు రద్దు.

“వాళ్లకి తాము చరిత్రలో ఉన్నామని తెలీదు బాబూ. వాళ్లకది ఈరోజే. నీ రాజుకి మాత్రం తను పాతకాలంవాడినని ముందే తెలుసు. అందుకే వాడు నవ్వించడు.”

నేను గంభీరంగా తల ఊపాను. లోపల మాత్రం ఆవిడ పెన్ను విరిచేశాను.

అసలు ఘోరం తర్వాత ఉంది. కొత్త బడ్జెట్‌లో రచయితల గదీ, దుస్తుల గదీ ఒకటే. మేము బల్ల దగ్గర. మూల కిటికీ కింద కాలి మిషన్ మీద మా దర్జీ. అందరికీ బాబాయ్, డెబ్బై దాటినవాడు. మిషన్ కూడా ఆయన సొంతమే, నలభై ఏళ్లది. ఆవిడ సీను చదవడం మొదలుపెట్టింది. భావం లేదు, అభినయం లేదు, క్లాసులో హాజరు పిలిచినట్టు.

‘రాజు: శత్రువులు ఎందరు? మంత్రి: పదివేలు ప్రభూ. రాజు: మనం? మంత్రి: పదకొండుమంది. వంటవాడు వస్తే పన్నెండు. రాజు: వాడెక్కడున్నాడు? మంత్రి: వాళ్ల దగ్గర. రాజు: ద్రోహి! ఎందుకు వెళ్లాడు? మంత్రి: అక్కడ వండడానికి ఏదో ఉందట ప్రభూ.’

టకటకమంటున్న మిషన్ ఆగిపోయింది. బాబాయ్ తల ఎత్తలేదు, చప్పుడు చేయలేదు. భుజాలు మాత్రం ఊగాయి. ఆయనకు నవ్వొస్తే కాళ్లు ఆడవట. ఆవిడ ఆ లైను పక్కన టిక్కు పెట్టుకుంది.

“మనకి టేపు వద్దు. టైలర్‌గారి కాళ్లు చాలు.”

ఎమ్మేలో నాకు పాఠం చెప్పిన మహామహులంతా ఒక్కసారి కళ్లముందు మెదిలారు. వాళ్లలో ఒక్కరికీ కుట్టు రాదు.

ఏప్రిల్ 16

నా సీను చదివారు. రాజుకి పంటినొప్పి, సేనాపతి ఫిరంగితో పన్ను పీకబోతాడు. చదువుతున్నంతసేపూ మిషన్ ఆగకపోవడం అటుంచి, వేగం పెరిగింది. నా సీను పూర్తయ్యేసరికి మూడు సిపాయి చొక్కాలు పూర్తయ్యాయి.

ఆవిడ తీర్పు చెప్పేసింది. “ఎనిమిదింట్లో నీ సొంత సీను ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆ మిషన్ని ఆపితే మూడో సీజన్‌కి నువ్వుంటావు. లేకపోతే నీ దారి నువ్వు చూసుకో.”

నిర్మాత అక్కడే ఉండి, “న్యాయమే కదా” అన్నాడు. న్యాయమేనట!

అక్కకి చెప్పాను. అక్క ఇంట్లోనే నా మకాం, బావగారి ఇనుపసామాన్ల కొట్టు పైన.

“ఐతే ఇంకేం, సీజన్ అయిపోగానే కొట్లోకి రా. మేకులు తూచే మనిషి కావాలని మీ బావ ఏడాది నుంచీ చూస్తున్నారు.”

“నేను రచయితనక్కా.”

“నేనేం కాదన్నానా? మేకుల పొట్లాల మీద సైజులు రాయాలిగా.”

ఏప్రిల్ 24

మిషన్ ఆగలేదు.

మే 2

ఆగలేదు.

మే 3

ఆగింది! నా సీను మధ్యలో ఠక్కున ఆగింది. నేను లేచి నిలబడ్డాను కూడా. బాబాయ్, “దారం అయిపోయిందమ్మా, మీరు కానివ్వండి” అన్నాడు. ఆ ముక్క చెప్పకుండా ఉంటే ఆయన సొమ్మేం పోయింది?

మే 6

బాబాయ్‌ని బయట పట్టుకున్నాను.

“ఒక్కసారి నవ్వు బాబాయ్. ధర్మం చేసినట్టనుకో.”

“నా చేతిలో ఏముంది నాయనా? కాళ్లకి చెప్పుకో. అవి వింటే నాకేం అభ్యంతరం లేదు.”

“టీచర్‌గారు చదివితే మాత్రం వింటాయా?”

“ఆవిడ రాజుకి ఆకలేస్తుందయ్యా. నీ రాజుకి కడుపు నిండిపోయి ఉంటుంది. కడుపు నిండినోడు జోకులేస్తే ఎవరికి నవ్వొస్తుంది?”

ఒక దర్జీ నాకు నాటకశాస్త్రం బోధిస్తున్నాడు. విన్నాను. మరిచిపోవడానికి ప్రయత్నిస్తున్నాను. కుదరడం లేదు.

మే 10

మొదటి ఎపిసోడ్ ప్రసారమైంది. వంటవాడి సీను దగ్గర అక్క కింద పడ్డంత పనైంది. పోయినసారి ఇదే సోఫాలో, ఇదే రాజును చూస్తూ చక్కగా చిక్కుళ్లు వలుచుకుంది.

“ఒరేయ్, ఇది నువ్వే రాశావా?”

“సమష్టి కృషి.”

“అంటే నువ్వు కాదన్నమాట.”

మే 19

పత్రిక పెద్దమనిషి మళ్లీ రాశాడు: ‘రెండో సీజన్‌లో ఏదో జరిగింది. రాజు మనిషయ్యాడు.’ ఏదో కాదు. పంతులమ్మ జరిగింది. ఇప్పటికి ఐదు ఎపిసోడ్లు షూటింగ్ అయ్యాయి, అన్నింటి మీదా ఆవిడ ఎర్రసిరాయే. బాగుపడుతున్న సీరియల్లో బాగుపడనిది నేనొక్కణ్ణే.

మిగిలినవి మూడు.

మే 26

ఆరో ఎపిసోడ్‌కి సీను రాశాను. ఎల్లుండి చదువుతారు. ఇది ఆపుతుంది. ఇది ఆపకపోతే ఇక ఏదీ ఆపదు. బావ కొత్త త్రాసు కొన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నావైపు చూసి తుడిచాడు.

మే 27, మంగళవారం

ఈరోజు ఏమీ జరగలేదు. భోజనాలకి అందరూ బయటికి వెళ్లారు. నాకు ఆకలి లేక గదిలోనే ఉన్నాను. వాతావరణం ఆహ్లాదకరం. చెప్పుకోదగ్గ విశేషాలు లేవు.

మే 28

చదివారు. అంటే, మొదలుపెట్టారు. బాబాయ్ రాజుగారి అంగరఖా కుడుతున్నాడు: ఎర్ర పట్టు, బరువైన జరీ, రేపటి షూటింగ్‌కి. ఒక చెయ్యి అతికించడం అయిపోయింది. రెండోది మొదలుపెట్టాడు. టీచర్‌గారు నా కాగితం తీసి, “దర్బారు. రాజు ప్రవేశించును” అంది.

ఫట్‌మని శబ్దం. మిషన్ ఆగింది.

“ఆగింది!” అన్నాను.

టీచర్‌గారు కళ్లద్దాల మీదుగా చూసింది. “ఇంకా ఎవరూ ఏమీ అన్లేదు బాబూ. రాజు లోపలికి రావడం కూడా జోకేనా?”

“కాదమ్మా,” అన్నాడు బాబాయ్, కిందికి వంగి. “బెల్టు తెగింది.”

మిగతా సీను నిశ్శబ్దంలో చదివారు. ఆ నిశ్శబ్దం గురించి రాయను. ఆ పాత మిషన్‌కి సరిపోయే బెల్టు రెండు రోజులదాకా దొరకదట. బాబాయ్ కిటికీ దగ్గర కూర్చుని రెండో చెయ్యి చేత్తో కుట్టడం మొదలుపెట్టాడు. దళసరి జరీ. సూది దిగదు. ప్రతి కుట్టుకీ వేలితొడుగుతో నెట్టాలి.

నేను ఐదింటికి వచ్చేశాను. ఆయన ఇంకా కుడుతూనే ఉన్నాడు.

మే 29

ఉదయం తొమ్మిదికి లైట్లు సిద్ధం. దర్బారు సిద్ధం. రాజుగారి వేషగాడు బయటికి వచ్చాడు: కుడిచెయ్యి ముంజేతిదాకా ధగధగా పట్టు, ఎడంచెయ్యి భుజం నుంచీ బోసి.

“నేను రాజునా, టీకా వేయించుకోడానికొచ్చినవాణ్ణా?” అని అరిచాడు.

నిర్మాత బాబాయ్ మీద పడ్డాడు. గుమ్మం పక్కన స్టూలు మీద బాబాయ్, ఒళ్లో రెండో చెయ్యి, సగం కుట్టింది.

“నలభై ఏళ్ల మిషన్ అని గొప్పగా చెప్తావు. బెల్టు చూసుకోవడం తెలీదా? ఇంతమంది నీ కోసం కూర్చోవాలా?”

“మొన్న పొద్దున చూశాను బాబూ. గట్టిగానే ఉంది.”

“గట్టిగా ఉంటే ఎలా తెగింది?”

నేను సింహాసనం వెనక చెక్కిన సింహాలను పరిశీలించాను. రెండున్నాయి. పనితనం బాగుంది.

టీచర్‌గారు సింహాసనం మెట్ల మీద కూర్చుని, “ఎవరైనా కాగితం ఇవ్వండి” అంది. ఇరవై నిమిషాలు తల ఎత్తలేదు. తర్వాత అక్కడే నిలబడి హాజరు పిలిచినట్టు చదివింది. ఆస్థాన దర్జీ కోట వదిలిపోయాడు. రాజు ఒంటిచేతి అంగరఖాతో దర్బారుకి వస్తాడు. ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. మంత్రి కాసేపు చూసి, అటు తిరిగి, తన ఎడమచెయ్యి గుడ్డ పర్రున చింపుకుంటాడు. తర్వాత సేనాపతి. తర్వాత ఒక్కొక్కరే, పదకొండుమందీ. లొంగిపొమ్మని చెప్పడానికి శత్రువుల రాయబారి వస్తాడు. దర్బారంతా ఒంటిచేతులు. “ఇదేమి మర్యాద?” అని అడిగితే మంత్రి, “తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు” అంటాడు. రాయబారి సిగ్గుపడి, వెళ్తూ వెళ్తూ గుమ్మం చాటున తన చెయ్యీ చింపుకుంటాడు. మర్నాడు రాజు బురుజు ఎక్కి చూస్తే పదివేలమందీ ఒంటిచేతి చొక్కాలతో. రాజు జాలిగా తల ఊపుతాడు.

“పాపం. వాళ్లకీ దర్జీ లేడు కాబోలు.”

కెమెరా పట్టుకున్నవాడు నవ్వి మూడు టేకులు పాడుచేశాడు. నేను గుమ్మం వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. తిట్లు తిన్న మనిషి, కళ్లు ఎర్రగా ఉన్న మనిషి, భుజాలు ఊగుతున్నాయి. సూది ఆగిపోయింది.

మే 30

నిర్మాత కోపం చల్లారలేదు. షూటింగ్ బాగా వచ్చినా ముందు భయపడ్డ భయం ఎవరి మీదో ఒకరి మీద తీర్చుకోవాలిగా. “బెల్టు అరిగిపోయినా కనబడని కళ్లతో ఇంక ఈ పని ఎందుకు పెద్దాయనా” అన్నాడు. బాబాయ్ వేలితొడుగు తీసి జేబులో వేసుకున్నాడు.

“నా మిషన్ని నేను చూసుకోలేదని అన్నాక ఇక్కడెందుకులెండి.” అంతే. సర్దుకున్నాడు. టీచర్‌గారు వాదించింది, బతిమాలింది. వినలేదు.

మిషన్ కిందికి దించడానికి నన్ను సాయం పట్టమన్నాడు. అడిగిమరీ నన్నే. మెట్ల మలుపులో దించి, జేబులోంచి బెల్టు ముక్క తీసి నా ముందు పెట్టాడు.

“చూడు. ఈ కాస్త చివర తెగింది. పోగులు లేచాయి. ఈ మిగతాదంతా నున్నగా ఉంది. ఇది కోత. కుడిచేతి కత్తెర ఎడంచేత్తో పట్టుకుంటే ఇలా పక్కకి ఒరుగుతుంది.”

నా ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

“నవ్వించడం నీకు రాదు. సరే, అందరికీ రాదు. కత్తిరించడమైనా తిన్నగా రావాలి కదయ్యా.”

“బాబాయ్, నువ్వు వాళ్లకి...”

“నేను చెప్పను. చెబితే నమ్ముతారు, అందుకే చెప్పను. రాయడం చదువుకున్నావుగా, నువ్వే రాసివ్వు. నువ్వు రాసినవాటిల్లో నా కాళ్లు ఆగేది అదొక్కటే అవుతుంది.”

మిషన్ ఆటోలోకి ఎక్కించాం. నాకు నడుం పట్టేసింది. ఆ మాట కూడా ఎవరికీ చెప్పుకోలేను.

జూన్ 4

కొత్త దర్జీ వచ్చాడు. కరెంటు మిషన్. చెవుల్లో పాటలు. సీను చదువుతుంటే టీచర్‌గారు అలవాటు కొద్దీ ఆ మూల వైపు చూస్తోంది. ఆ మిషన్ దేనికీ ఆగదు. ఆవిడ తన లైన్లు తనే కొట్టేస్తోంది. ఏడో ఎపిసోడ్ సగంలో నిలబడిపోయింది. నాకు సంతోషంగా ఉండాలి.

రేపు చెప్తాను.

జూన్ 5

రేపు.

జూన్ 9

నిర్మాత ఊళ్లో లేడు. వచ్చాక చెప్తాను. (ఊళ్లోనే ఉన్నాడు. కారు కనబడింది.)

జూన్ 14

ఒంటిచెయ్యి ఎపిసోడ్ ప్రసారం. అక్క నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఇంతవరకూ నా సీరియల్ పూర్తిగా చూడని బావ, చొక్కా ఎడమచెయ్యి పైకి మడిచి, “మంత్రీ, కాఫీ!” అన్నాడు. టైటిల్స్‌లో నా పేరు వచ్చింది, రెండు సెకన్లు.

“ఇందులో నీది ఉందా?” అంది అక్క.

“ఉందక్కా.”

మొదటిసారి అక్క నా వీపు తట్టింది. గట్టిగా తట్టింది. ఇంకా మండుతోంది.

జూన్ 16

వీధిలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఒక చెయ్యి మడుచుకుని తిరుగుతున్నారు. పెద్దమనిషి రాశాడు: ‘ఏడాదిలో ఇంత మంచి అరగంట చూడలేదు. ఆ ఒంటిచెయ్యి ఎవరి ఆలోచనో వారికి నమస్కారం.’

తార్కికంగా చూస్తే, బెల్టు తెగకపోతే ఒంటిచెయ్యి లేదు. ఒంటిచెయ్యి లేకపోతే ఎపిసోడ్ లేదు. కాబట్టి మూలకారణం రీత్యా ఆ ఆలోచన ఒక రకంగా

ఈ వాక్యం పూర్తి చేయడానికి పొద్దుటి నుంచీ ప్రయత్నిస్తున్నాను.

జూన్ 20

నిర్మాత మిఠాయి పెట్టె తెరిచి కూర్చున్నాడు. మూడో సీజన్ వచ్చేసింది. పదహారు ఎపిసోడ్లు. నా కాంట్రాక్టు కూడా బల్లమీదే ఉంది.

“మరి మిషన్ ఆపలేదు కదా సార్ నేను?”

“ఆ గొడవ ఇప్పుడెందుకయ్యా? ఆ ఎపిసోడ్‌లో నీ పేరుంది, చాలు. సంతకం సోమవారం పెడుదువుగాని. ఒక్క పని చెయ్. పత్రికలవాళ్లు అడుగుతున్నారు. ఆ ఎపిసోడ్‌కి ఎవరెవరు ఏం చేశారో తలా ఒక లైను రాసివ్వండి. ఒక్కటే లైను. నిజంగా చేసింది రాయి, ఉపన్యాసం వద్దు.”

టీచర్‌గారు అక్కడే నిలబడి రాసి ఇచ్చేసింది. చూశాను: ‘అంగరఖాకి ఒకటే చెయ్యి ఉంటే, ఉన్నట్టే రాశాను.’

తర్వాత నావైపు తిరిగి, “బాబూ, టైలర్‌గారి ఇల్లు నీకు తెలుసా? మిషన్ దింపడానికి నువ్వే వెళ్లావట కదా” అంది. గొంతులో ఏమీ లేదు. హాజరు పిలిచినట్టే అడిగింది.

జూన్ 22, ఆదివారం

ఒక్క లైను. దానికోసం ఎమ్మే చదివిన మనిషి రెండు రోజులుగా కూర్చున్నాడు. చించినవి:

‘రచనా సహకారం అందించాను.’ ఆ ఎపిసోడ్‌లో నాది ఒక్క అక్షరం లేదు.

‘ప్రేరణగా నిలిచాను.’ నిలిచింది సింహాసనం వెనక. సింహాలను లెక్కపెడుతూ.

‘అనుకోని పరిస్థితిలో...’ అనుకున్నదే. బెల్టు తెగిపోదనీ, సాగి జారుతుందనీ, నా సీను మధ్యలో మిషన్ కాస్త మెల్లగా నిలబడుతుందనీ, బాబాయ్‌కి కూడా తను నవ్వాడేమోనని అనుమానం వస్తుందనీ అనుకున్నాను. అంతా లెక్కప్రకారం అనుకున్నాను. అది తెగినప్పుడు ఆయన ఒళ్లో ఏముంటుందన్నది మాత్రం అనుకోలేదు.

అక్క వచ్చి చూసింది. “ఏమిట్రా ఇన్ని కాగితాలు?”

“నేనేం చేశానో రాయమన్నారు.”

“ఇంత ఆలోచించాలా? చేసింది రాయడమేగా.” బుట్ట తీసుకుపోయింది.

జూన్ 23, సోమవారం

పదిన్నరకి కాగితం టీచర్‌గారి చేతికి ఇచ్చాను. నిర్మాత పక్కనే ఉన్నాడు. కాంట్రాక్టు మీద పెన్ను పెట్టి ఉంది, మూత తీసి. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, ఎప్పటిలాగే, ఏ భావమూ లేకుండా పైకి చదివింది. కొత్త దర్జీ మిషన్ ఆగలేదు. గదిలో మిగతావన్నీ ఆగాయి.

ఇచ్చిన కాగితానికి నకలు:

‘మే 27 మంగళవారం, అందరూ భోజనానికి వెళ్లినప్పుడు, బాబాయ్ కత్తెరతోనే, బాబాయ్ మిషన్ బెల్టును ముప్పాతిక వంతు కోశాను.’